పద్యం మధ్యలో ఊపిరి

ఆ సాయంత్రం హాల్లోంచి బయటికి వచ్చి స్కూటరు తీసేటప్పటికి ఏడుంబావు అయింది. లోపల నాటకం ఇంకా సగం కూడా కాలేదు. తండ్రి వేషం వేసిన పాండురంగయ్య గారు అప్పుడే నాటకం మొత్తానికి కీలకమైన పద్యం పాడారు. యుద్ధానికి వెళ్ళిన కొడుకు ఇక తిరిగి రాడని తెలిసిన రాజు, నిండుసభలో నిలబడి ఆ కొడుకును పేరు పెట్టి పిలిచే పద్యం అది. నాలుగో పాదంలో, సరిగ్గా ఆ పేరుకు ముందు, ఆయన ఆగారు. ఊపిరి తీసుకున్నారు. మైకులో ఆ చప్పుడు హాలంతా వినిపించింది. నా వెనక వరసలో ఒకాయన పక్కవాడితో, "అయిపోయిందిరా ముసలాయన పని" అన్నాడు.

వెంటనే "వన్స్‌మోర్" అని కేకలు మొదలయ్యాయి. మెచ్చి అడిగారో, మళ్ళీ ఆగుతాడో లేదో చూద్దామని అడిగారో తెలియదు. పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే నటుడు పాడి తీరాల్సిందే. ఆయన హార్మోనియం వైపు తిరిగి తలూపారు. నేను లేచి బయటికి నడిచాను. మొదటి ఎడిషన్ పేజీ ఎనిమిదికి వెళ్ళిపోతుంది. పద్యం ఒకసారి విన్నాను కదా, రెండోసారి ఎందుకు అనుకున్నాను.

ఆఫీసులో కూర్చుని ఇలా రాశాను: "పాండురంగయ్య గొంతులో మాధుర్యం తగ్గలేదు. దమ్ము తగ్గింది. కీలకమైన పద్యం మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది." మిగతా నాటకం గురించి హాలు దగ్గర పంచిన కరపత్రం చూసి నాలుగు ముక్కలు రాసి ఇచ్చేశాను. ఎనిమిదికి ఐదు నిమిషాలు ఉండగా పేజీ వెళ్ళింది.

ముప్పై నాలుగేళ్ళు విజయవాడలో ఒక దినపత్రికలో పనిచేశాను. ఎన్ని వేల వార్తలు రాశానో లెక్క లేదు. కంఠతా వచ్చినవి మాత్రం ఆ మూడు వాక్యాలే.

బిగ్గరగా చదివించిన మనిషి

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, రాయడం ఎలా నేర్చుకున్నారని. నేను నేర్చుకోలేదు. నాచేత చదివించారు.

మొదట్లో నేను కంకిపాడు కంట్రిబ్యూటర్ని. వార్తలు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, బందరు నుంచి వచ్చే బస్సు కండక్టరుకు ఇస్తే, విజయవాడ బస్టాండులో మా ఆఫీసు మనిషి తీసుకునేవాడు. కాలవకు నీళ్ళు రాలేదని, ధాన్యం తడిసిందని, ఫలానా చోట బస్సు ఆపడం లేదని. మూడేళ్ళ తర్వాత డెస్క్‌లోకి తీసుకున్నారు. అక్కడ ఎడిషన్ ఇన్‌ఛార్జి మాధవయ్య గారు. తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, ఎప్పుడూ సగం తాగి వదిలేసిన టీ గ్లాసు.

నేను రాసిన మొదటి పెద్ద వార్త ఆయన చేతికి ఇచ్చాను. ఆయన చదవలేదు. నాకే తిరిగి ఇచ్చి, "బిగ్గరగా చదువు" అన్నారు.

చదివాను. ఒక వాక్యం ఆరు లైన్లు ఉంది. మధ్యలో గుక్క తిప్పుకున్నాను.

"ఆగావే?" అన్నారు.

"ఊపిరి అందలేదు సార్."

"నీకే అందకపోతే గుడివాడలో టీ బంకు దగ్గర నిలబడి చదివేవాడికి ఎలా అందుతుందయ్యా? ఎక్కడ ఆగావో అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టు."

ఆయన నేర్పిన సంపాదకత్వం మొత్తం ఇంతే. ఇరవై రోజులు అలా చదివించారు. డెస్క్‌లో మిగతావాళ్ళు నన్ను "పురాణం శాస్త్రి" అని ఏడిపించేవాళ్ళు. ఇరవై ఒకటో రోజుకు నా చెయ్యి తనంతట తానే ఊపిరి అయిపోయేచోట ఆగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ నాకు వాక్యం తట్టేది తలలో కాదు, ఛాతీలో. లోపలికి గాలి పీల్చుకున్నప్పుడే మొదటి మాట వస్తుంది. అది రాకపోతే ఎంతసేపు కూర్చున్నా కాగితం ఖాళీగానే ఉంటుంది.

ఇంత నేర్చుకున్నవాణ్ణి, ఒక నటుడు ఊపిరి తీసుకుంటే తప్పు పట్టాను. ఎందుకంటే నేను పెరిగింది కూడా కృష్ణా జిల్లాలోనే. మా చిన్నప్పుడు పద్యనాటకాలకు వెళితే పెద్దవాళ్ళు చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని కూర్చునేవారు. నటుడు రాగం ఎత్తుకోగానే ముల్లు చూసేవారు. ఎవరు ఎంతసేపు గుక్క తిప్పుకోకుండా లాగారన్నది మర్నాడు రచ్చబండ దగ్గర చర్చ. దమ్ము ఉంటే నటుడు, లేకపోతే లేడు. ఆ గడియారం నా బుర్రలో ఉండిపోయింది.

మీకు స్ఫూర్తి ఎవరు?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఆ రోజుల్లో మా జిల్లా పేజీల్లో వారానికోసారి 'స్ఫూర్తి' అనే శీర్షిక నేనే చూసేవాణ్ణి. కళాకారులు, చేతిపనివాళ్ళు, పతకాలు గెలిచిన పిల్లలు. అందర్నీ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: "మీకు స్ఫూర్తి ఎవరండీ?" అందరూ ఒకే జవాబు చెప్పేవారు. మా అమ్మ, లేదా మా గురువు గారు. ఆ జవాబుతో శీర్షిక సిద్ధం. అరగంటలో పని అయిపోయేది.

ఒక్కసారి మంగళగిరిలో ఒక నేతపని ఆవిడ మాత్రం అలా లొంగలేదు. యాభై ఏళ్ళు ఉంటాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నా వైపు చూడకుండానే నేస్తూ మాట్లాడింది.

"స్ఫూర్తి అంటే ఏందయ్యా?"

"అదేనమ్మా, ఈ డిజైను వేయాలని మీకు ఎలా తడుతుంది? ఎవర్ని చూసి?"

"ఎవర్ని చూసేది? పొద్దున్నే గుంటలో కాలు పెడితే కాలికి తెలుస్తది. గుంట బయట నిలబడి అడిగితే నాకేం తెలుస్తది?"

ఫోటోగ్రాఫరు నవ్వాడు. నేను ఆ మాటలు తీసేసి, "తల్లే తనకు స్ఫూర్తి అన్నారు" అని రాశాను. ఆవిడ అలా అననే లేదు. మాధవయ్య గారికి కూడా తెలియదు ఆ సంగతి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి అది తప్పు కాకుండా పోయింది. మన వృత్తిలో చాలా తప్పులు అలాగే చెల్లిపోతాయి. ఆవిడ చెప్పిందే అసలు వార్త అని అర్థం కావడానికి నాకు పాండురంగయ్య గారు కావలసి వచ్చారు.

చెయ్యి ఇక్కడ పెట్టండి

సమీక్ష వచ్చిన పది రోజులకు, మధ్యాహ్నం మూడింటప్పుడు ఆయన ఆఫీసుకు వచ్చారు. ఖద్దరు చొక్కా, భుజాన సంచి. వేషం లేకుండా చూస్తే నేను గుర్తుపట్టలేదు. అరవై దాటి ఉంటాయి. కంకిపాడు దగ్గర ఒక రైసు మిల్లులో ఆపరేటరు. పగలు మిల్లు, సాయంత్రాలు నాటకాలు. సంచిలోంచి మా పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టారు.

"రిపోర్టరు గారూ, ఇది రాసింది తమరేనా అండీ?"

"నేనేనండీ. కూర్చోండి."

"కూర్చోవటానికి రాలేదండీ. ఒక్క మాట అడుగుదామని వచ్చాను. రెండోసారి పాడినప్పుడు ఎలా ఉంది?"

డెస్క్‌లో టైపు చప్పుళ్ళు ఆగిపోయాయి.

"వినలేదండీ. పేజీ టైమయిపోయి..."

"వెళ్ళిపోయారా?" ఆయన కోపంగా అనలేదు. ఊరి నుంచి వచ్చిన చుట్టం భోజనం చేయకుండా వెళ్ళిపోతే అడిగినట్టు అడిగారు.

అప్పుడు కూర్చున్నారు. నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరు సాంబయ్య మా పేపరు చదివి, కార్తీక మాసానికి మాట్లాడుకున్న మూడు నాటకాల్లోనూ తండ్రి వేషం ఉయ్యూరు కుర్రాడికి ఇచ్చేశాడట. "పేపర్లో పడ్డాక నేనేం చేసేది బాబాయ్, ఊళ్ళవాళ్ళు దమ్మున్నోడు కావాలంటున్నారు" అన్నాడట.

"నాకు పొగడ్త అక్కర్లేదండీ" అన్నారు పాండురంగయ్య గారు. "'తీసుకోవలసి వచ్చింది' అని రాశారు చూడండి, ఆ మాట ఒక్కటీ మార్చండి. నేను తీసుకోవలసి రాలేదు. తీసుకున్నాను."

"రెండింటికీ తేడా ఏముందండీ?"

ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని తన పక్కటెముకల మీద పెట్టుకున్నారు. "చెయ్యి ఇక్కడ పెట్టండి. తియ్యకండి." ఆ బల్ల దగ్గరే, గొంతు తగ్గించి, నాలుగో పాదం పాడారు. కొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి నా అరచేతి కింద ఎముకలు విచ్చుకున్నాయి. లోపలికి పోయిన గాలి అక్కడ ఒక క్షణం నిలిచింది. తర్వాత పేరు వచ్చింది. మామూలుగా రాలేదు.

"విజయవాడ బస్టాండులో చూశానండీ ఇది" అన్నారు చెయ్యి వదిలేసి. "ఒకాయన పిల్లాడు తప్పిపోయాడు. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు పాపం. పిల్లాణ్ణి పిలవబోతే పేరు రాలేదు. ముందు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు, అప్పుడు వచ్చింది. నేను ముప్పై ఏళ్ళ నుంచి ఆ పేరును ఒక్క గుక్కలో మింగేస్తున్నాను కదా అనిపించింది. రాగం పూర్తయ్యేది, చప్పట్లు పడేవి, కొడుకు మాత్రం గుర్తొచ్చేవాడు కాదు."

"పిల్లాడు దొరికాడా?"

"ఆ! సోడాబండి దగ్గర నిలబడి గోళీ ఎట్టా తీస్తారో చూస్తున్నాడు వెధవ." ఆయన నవ్వారు. నవ్వు చివర చిన్న దగ్గు వచ్చింది. మిల్లు దుమ్ము అన్నారు.

అప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. "ఇప్పుడు అదే పాదం ఒక్క గుక్కలో పాడి వినిపిస్తారా?" విలేకరి అన్నవాడు అడిగి తీరాలి. సిగ్గుతో అడగలేదు. అప్పటికే ఒక తప్పు చేశాను కాబట్టి ఇంకో మాట అంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారని మర్యాద పాటించాను. మర్యాద వల్ల పోయిన వార్తలు నా జీవితంలో చాలా ఉన్నాయి. వాటిలో ఇదే పెద్దది.

"రెండోసారి ఎలా పాడారు?" అని మాత్రం అడిగాను.

"ఒక్క గుక్కలో లాగానండీ, ఆగకుండా. దమ్ము అడిగారు, ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. అప్పటికి తమరు లేరు."

ఆఖరి పేరా

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బస్సెక్కి ఆయన మిల్లుకు వెళ్ళాను. ధాన్యం ఆరబోసిన కళ్ళం పక్కన షెడ్డులో ఆయన రిహార్సలు చేసుకుంటున్నారు. పన్నెండేళ్ళ కూతురు శ్యామల కింద కూర్చుని శ్రుతిపెట్టె నొక్కుతోంది. ఊకదుమ్ము ఎండలో తేలుతోంది. బస్టాండు సంగతి, మిల్లు సంగతి, ఊపిరి సంగతి అన్నీ రాసుకుని వచ్చాను. బాగా రాశాను. నా తప్పు ఒప్పుకుంటూ ఆఖరి పేరా రాశాను.

ఆ పేరా అచ్చుకాలేదు. సాయంత్రం ఆరున్నరకు ఒక బట్టల దుకాణం ప్రకటన వచ్చింది. పేజీ కట్టే సబ్ ఎడిటరు, ఎప్పుడూ చేసే పనే చేశాడు. వార్తను కింది నుంచి కోశాడు. వార్తలో ముఖ్యమైనది పైన, కోసినా ఫరవాలేనిది కింద. మా అందరికీ మొదటి రోజునే నేర్పే సూత్రం.

మర్నాడు వెళ్ళి మాధవయ్య గారి ముందు గొడవ పెట్టుకున్నాను. ఆయన టీ గ్లాసు పక్కకు జరిపి విన్నారు.

"వాడి తప్పేముందయ్యా? క్షమాపణ తీసుకెళ్ళి ఆఖరి పేరాలో పెట్టావంటే కోసెయ్యమని నువ్వే చెప్పినట్టు."

"మళ్ళీ వేద్దాం సార్, చిన్న సవరణగా."

"సమీక్షకు సవరణ ఉండదు. అభిప్రాయం కదా." మళ్ళీ ఆయనే, "అభిప్రాయం అని నువ్వూ నేనూ అనుకుంటాం. సాంబయ్య దాన్ని వార్తగా చదివాడు" అన్నారు.

నాకు తెలిసిన సంపాదకుల్లో ఆయన మంచివారు. అయినా ఆ సవరణ వేయలేదు. వేసి ఉంటే పత్రికకు పోయేదేమీ లేదు. ఆయనది తప్పేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

కోసేసిన పేరా నా ఫైల్లో ఉంది. ఇదీ: "రెండు వారాల కిందట ఇదే పేజీలో పాండురంగయ్య గారికి దమ్ము తగ్గిందని రాశాను. పద్యం రెండోసారి పాడకముందే నేను హాల్లోంచి వెళ్ళిపోయాను. ఆ మాట రాసే హక్కు నాకు లేదు."

ఫోటోతో సహా అచ్చయిన మిగతా కథనం చూసి సాంబయ్య మళ్ళీ మిల్లుకు వచ్చాడట. ఒకే షరతు పెట్టాడు. వేషం ఇస్తాడు, కానీ ఆ పాదం దగ్గర ఆగకూడదు. పాండురంగయ్య గారు ఒప్పుకోలేదు. "అయితే తండ్రి వేషం ఆ కుర్రాడే వేస్తాడులే. నాకు మంత్రి వేషం చాలు" అన్నారట. మంత్రికి పద్యాలు రెండే, చిన్నవి. తర్వాత నాలుగేళ్ళు ఆయన మంత్రిగానే వేసి, ఆపేశారు. తండ్రి వేషంలో ఆయన్ని విజయవాడ మళ్ళీ చూడలేదు.

శ్యామల ఇంట్లో

పదవీ విరమణ తర్వాత ఫైళ్ళు సర్దుతుంటే ఆ పేరా బయటపడింది. పోయిన నెల కంకిపాడు వెళ్ళాను. పాండురంగయ్య గారు ఇప్పుడు శ్యామల దగ్గరే ఉంటున్నారు. శ్యామల బడిలో తెలుగు పంతులమ్మ. ముందుగదిలో మంచం, మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం. ముక్కులోకి సన్నటి గొట్టం. యంత్రం బుస్సుమని పీల్చి, కాస్త ఆగి, మళ్ళీ పీలుస్తోంది. ఆయనకు ఎనభై దాటాయి. నన్ను చూసి లేవబోయారు.

"పడుకోండి నాన్నా, బాబాయి గారేం పరాయివాళ్ళా" అని శ్యామల ఆపింది.

పక్కగదిలో ఐదారుగురు ఆడపిల్లలు పద్యాలు నేర్చుకుంటున్నారు. ఇప్పుడు తండ్రి వేషం శ్యామలే వేస్తోందట. మీసం అతికించుకుని. చుట్టుపక్కల ఊళ్ళలో పిలుస్తున్నారట. పిల్లల్లో ఒకమ్మాయి నాలుగో పాదం ఎత్తుకుంది. పేరుకు ముందు ఆగి, ఊపిరి తీసుకుంది.

"ఇంకా లోపలికి, భుజాలు లేపకు" అంది శ్యామల ఇవతలి నుంచే. నాతో, "అక్కడ తీసుకోకపోతే పిల్లలే ఒప్పుకోరు బాబాయి గారూ, పద్యం అలాగే ఉంటుందనుకుంటున్నారు" అంది.

ఇరవై ఏళ్ళుగా అడగని ప్రశ్న అప్పుడు అడిగాను. మంచం పక్కన కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించి అడిగాను. "పాండురంగయ్య గారూ, ఆ రోజుల్లో మీకు ఒక్క గుక్కలో పాడే ఊపిరి ఉందా? నిజం చెప్పండి."

ఆయన నా వైపు తిరిగారు. ఒక్కో మాటకూ యంత్రం పీల్చేదాకా ఆగుతూ మాట్లాడారు.

"ఇప్పుడా... అడగటం?" నవ్వారు. "రెండోసారి... పాడాను కదండీ... ఎవరూ... వినలేదా?"

అంతకు మించి చెప్పలేదు. శ్యామల నీళ్ళు తెచ్చింది. లోపల ఆ అమ్మాయి మళ్ళీ నాలుగో పాదం అందుకుంది. ఆయన కళ్ళు మూసుకుని, ఆ ఆగేచోట వేలు ఒకసారి లేపారు.

ఇవతలికి వచ్చాక శ్యామల చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బు చాలా ఏళ్ళ కిందటే మొదలై ఉంటుందని డాక్టరు అన్నాడట. ఎన్నేళ్ళంటే చెప్పలేనన్నాడు. పాత ఎక్స్‌రే ఉంటే తెమ్మన్నాడు. ఉన్నవాటిలో పాతది, ఆ సమీక్ష వచ్చిన ఆరేళ్ళకు తీసింది. అంతకు ముందు ఎవరూ తీయించలేదు.

ఆ రోజు నాటకానికి హార్మోనియం వాయించినాయన్ని వెతికి పట్టుకున్నాను. "నేను మెట్లు చూసుకుంటానా, ఆయన ఊపిరి చూస్తానా బాబూ" అన్నాడు. ఆ సాయంత్రం హాల్లో చివరిదాకా కూర్చున్నవాళ్ళు ఇప్పటికి నలుగురు దొరికారు. రెండోసారి ఆయన ఆగలేదని ఇద్దరు చెప్పారు. ఆగాడని ఇద్దరు చెప్పారు.